స్టార్ ట్రెక్ చూస్తూ కానన్ పుస్తకం రాసుకోవడం ఎలా

అంతరిక్ష యాత్రల టీవీ సిరీస్ స్టార్ ట్రెక్ మొదటి ఎపిసోడ్ 1966 సెప్టెంబర్ 8న అమెరికాలో ఎన్‌బీసీ చానల్‌లో వచ్చింది. ఆ తర్వాత వచ్చిన సిరీస్‌లన్నీ కలిపితే ఎపిసోడ్లు తొమ్మిది వందలు దాటాయి. థియేటర్లలో విడుదలైన సినిమాలు పదమూడు. ఇన్నేళ్లలో రాసేవాళ్లు మారారు, తీసేవాళ్లు మారారు, నటులు మారారు. కథలు మాత్రం ఒకే లోకంలో జరుగుతున్నాయని చెబుతారు. అలాంటప్పుడు ముప్పై ఏళ్ల కిందటి మాటకీ నిన్నటి మాటకీ పొత్తు కుదరని చోట్లు ఉండి తీరతాయి. ఆ లోకంలో ఏది నిజంగా జరిగినట్టు లెక్క అనేది కానన్. జరిగినవాటికి ఒకదానితో ఒకటి పొంతన ఉండటం కంటిన్యూటీ. ఒక సంగతి కానన్ అయ్యుండి కూడా పొంతన లేకుండా ఉండొచ్చు. ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్లే సగం వాదనలు వస్తాయి.

విజయవాడ సత్యనారాయణపురంలో మేం కొందరం ఆదివారం సాయంత్రాలు కలిసి చూస్తుంటాం. 1980ల్లో దూరదర్శన్‌లో చూసి ఓడ కెప్టెన్ కిర్క్, అతని సహచరుడు స్పాక్‌ల మీద ఇష్టం పెంచుకున్న పెద్దవాళ్లు ఉన్నారు. కొత్త సిరీస్‌లు ఫోన్‌లో చూసి వెనక్కి వెళ్తున్న ఇంజనీరింగ్ పిల్లలూ ఉన్నారు. వీళ్లిద్దరికీ తెలిసిన స్టార్ ట్రెక్ ఒకటి కాదు. అందుకే ఒక పుస్తకం పెట్టుకున్నాం. పుస్తకం వచ్చాక వాదనలు ఆగలేదు గానీ వాటికి ఒక దారి దొరికింది. గుంటూరులోనో తెనాలిలోనో మీరొక్కరే కూర్చుని చూస్తున్నా ఈ పద్ధతి అలాగే పనికొస్తుంది.

ముందు నియమం రాసుకోండి

పుస్తకం తెరవగానే మొదటి పేజీలో రాయాల్సింది మీ నియమం. దేన్ని లెక్కలోకి తీసుకుంటారు, దేన్ని తీసుకోరు? స్టార్ ట్రెక్ తీసేవాళ్లు చాలాకాలంగా పాటిస్తున్న పద్ధతి సులువైనది: తెర మీద కనిపించిందీ వినిపించిందీ కానన్. నవలలు, కామిక్స్, వీడియో గేములు కానన్ కాదు. ఇదే నియమంతో మొదలుపెట్టండి. మీ సొంత నియమం పెట్టుకోవాలనిపిస్తే తర్వాత పెట్టుకోవచ్చు. కానీ మొదట్లోనే పెట్టుకుంటే పక్కవాళ్లతో మాట కలవదు.

ఈ నియమానికి అంచుల్లో కొంచెం గజిబిజి ఉంది. 1973, 74ల్లో 22 ఎపిసోడ్ల యానిమేటెడ్ సిరీస్ ఒకటి వచ్చింది. గొంతులు చాలావరకు పాత నటులవే. 1980ల చివర్లో స్టార్ ట్రెక్ సృష్టికర్త జీన్ రాడెన్‌బెర్రీ ఆఫీసు దాన్ని కానన్ నుంచి పక్కన పెట్టింది. తర్వాత మళ్లీ కలుపుకున్నారు. ఈ మధ్యలో ఏమైందో చూడండి. కెప్టెన్ కిర్క్ పేరులోని టి అక్షరానికి టైబీరియస్ అనే విస్తరణ 1974లో ఆ కార్టూన్ ఎపిసోడ్ 'బెమ్'లో వినిపించింది. మామూలు నటులతో తీసిన కథలో ఆ పేరు 1991లో ఆరో సినిమాలో, న్యాయస్థానం సీన్‌లో వచ్చింది. కిర్క్ ఓడ నడిపే సులూ మొదటి పేరు హికారు కూడా ఇలాంటిదే. 1981 నాటి ఒక నవలలో పుట్టి, అదే 1991 సినిమాతో తెర మీదికి ఎక్కింది. అంటే కానన్ కానిది కూడా తర్వాత కానన్ కావచ్చు. అందుకని ప్రతి సంగతి పక్కనా ఎప్పుడు తెర మీదికి వచ్చిందో సంవత్సరం తప్పకుండా వేయండి.

నచ్చనిదాన్ని కొట్టేయడం ఈ నియమంలో లేదు. వాయేజర్ సిరీస్‌లో 1996 జనవరిలో 'త్రెషోల్డ్' అని ఒక ఎపిసోడ్ వచ్చింది. అందులో టామ్ పారిస్ వార్ప్ 10 వేగం అందుకుంటాడు, ఆ తర్వాత అతనూ కెప్టెన్ జేన్‌వే కూడా బల్లి లాంటి ప్రాణులుగా మారిపోతారు. అభిమానుల్లో దీన్ని మెచ్చుకునేవాళ్లు అరుదు. తర్వాత ఆ సిరీస్ కూడా అది జరగనట్టే నడిచింది. అయినా అది తెర మీద జరిగింది, మీ పుస్తకంలో దానికి చోటివ్వాల్సిందే. 2023లో లోయర్ డెక్స్ సిరీస్ ఆ బల్లుల్ని మళ్లీ తెర మీద చూపించింది. కొట్టేసినవాళ్లు అప్పుడు మళ్లీ రాసుకోవాల్సి వచ్చేది.

పుస్తకం తయారీ

రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ చాలు. వన్‌టౌన్‌లోగానీ మీ వీధి స్టేషనరీ షాపులోగానీ దొరికేదే. ఫోన్‌లో, కంప్యూటర్‌లో రాసుకోవచ్చు, వెతుక్కోవడానికి అది మేలే. కానీ పదిమంది కూర్చున్న గదిలో చేతులు మారాల్సింది కాగితమే. ఫోన్ ఒకరి చేతిలో ఉంటే మిగతావాళ్లు ప్రేక్షకులైపోతారు.

పుస్తకం తెరిచి పెట్టినప్పుడు ఎడమ పేజీ తెరది, కుడి పేజీ మనది. ఎడమ వైపు పెన్నుతో రాయండి: సిరీస్ పేరు, సీజన్, ఎపిసోడ్, మొదట ప్రసారమైన తేదీ, ఎన్నో నిమిషం, ఎవరన్నారు, ఏమన్నారు. కుడి వైపు పెన్సిల్‌తో రాయండి: దానికి మన వివరణ, మన అనుమానం, వేరే ఎపిసోడ్‌తో ముడి. ఈ వ్యాసం మొత్తంలో మీరు గుర్తు పెట్టుకోవాల్సింది ఒక్కటే ఉందంటే అది ఈ విభజన. ఊహ ఎడమ పేజీలోకి ఒక్కసారి దాటిందా, ఆరు నెలల తర్వాత అది ఊహో, నిజంగా విన్నదో మీకే తెలియదు. అభిమానుల్లో తిరిగే తప్పుడు సమాచారంలో చాలా భాగం ఇలా ఎవరో కుడి పేజీలో రాయాల్సింది ఎడమ పేజీలో రాసినదే.

పాత్రలకి వేరే విభాగం, జాతులకి వేరే విభాగం, సంవత్సరాలకి వేరే విభాగం పెట్టుకోండి. ఒక్కోదానికి ఎన్ని పేజీలు వదలాలో మొదట తెలియదు. క్లింగాన్లనే జాతికి మాత్రం ధారాళంగా వదలండి.

ఏ వరుసలో చూడాలి

ప్రసారమైన వరుసలో చూడండి. కథలోని కాలక్రమంలో చూడమని కొందరు చెబుతారు. అలా చూస్తే 2001లో తీసిన ఎంటర్‌ప్రైజ్ సిరీస్ మొదట, 1966లో తీసినది తర్వాత వస్తాయి. కథ అర్థమవుతుంది గానీ, ఏ మాట ముందు పుట్టిందో, ఏది తర్వాత దానికి అతికించారో కనపడదు. మనకు కావాల్సింది అదే కదా.

ప్రసార వరుసకీ ఒక చిక్కు ఉంది. మొదటి సిరీస్‌ని తీసిన వరుసలో వేయలేదు. 1964 చివర్లో తీసిన మొదటి పైలట్, అంటే చానల్‌కి చూపించే నమూనా ఎపిసోడ్, 'ద కేజ్'ని ఎన్‌బీసీ వద్దంది. రెండో పైలట్ తీయించుకుని ఒప్పుకుంది. కానీ ఆ రెండో పైలట్ 'వేర్ నో మ్యాన్ హ్యాజ్ గాన్ బిఫోర్' ప్రసారంలో మూడోదిగా, సెప్టెంబర్ 22న వచ్చింది. అందుకే మొదటి రెండు వారాల్లో కనిపించిన డాక్టర్ మెకాయ్ మూడో వారం మాయమై, ఆయన చోట వేరే డాక్టర్ ఉంటాడు. ఉహురా ఉండదు, యూనిఫాంలు వేరు. ఆ గందరగోళానికి కారణం కథలో వెతక్కండి. పక్కన 'తీసిన వరుస' అని ఒక చిన్న గడి గీసుకుని అందులో రాస్తే ఈ రకం చిక్కులు అక్కడికక్కడే విడిపోతాయి.

చూసేటప్పుడు ఏం రాయాలి

అన్నీ రాయబోతే చూడటం పోతుంది. మొదటిసారి ఊరికే చూడండి. రెండోసారి రిమోట్ చేతిలో పెట్టుకుని, ఈ నాలుగు వచ్చినప్పుడే ఆపండి: సంవత్సరం లేదా ఎన్నేళ్ల కిందట అన్న మాట, కుటుంబ బంధం, ఒక జాతి శరీరం గురించి చెప్పిన లక్షణం, 'ఇది అసాధ్యం' అన్న మాట. తర్వాత తేడా వచ్చేది ఎక్కువగా ఈ నాలుగింట్లోనే.

మాట ఎవరన్నారో రాయడం మానకండి. కంప్యూటర్ చెప్పింది ఒక ఎత్తు, కోపంలో ఉన్న పాత్ర అన్నది ఇంకో ఎత్తు. శత్రువు చెప్పింది అబద్ధం కావచ్చు. తెర మీద 'అన్నారు' అనేదే కానన్. 'అన్నది నిజం' అనేది వేరే ప్రశ్న. సబ్‌టైటిళ్ల మీద పూర్తిగా ఆధారపడకండి, అంకెల దగ్గర ఒకసారి చెవులతో విని సరిచూసుకోండి.

పొత్తు కుదరనప్పుడు

ఇక్కడే నిదానం కావాలి. తేడా కనపడగానే కథలో కారణం వెతకడం మొదలుపెట్టకండి. ముందు అడగాల్సింది: ఇది రాసినప్పుడు వాళ్లకి ఏం తెలుసు?

రెండో పైలట్‌నే తీసుకోండి. అందులో సమాధి రాయి మీద కిర్క్ పేరు 'జేమ్స్ ఆర్ కిర్క్' అని ఉంటుంది, టి కాదు. స్పాక్ తన పూర్వీకుల్లో ఒకరు భూలోకపు స్త్రీని పెళ్లాడారంటాడు. కొన్ని వారాలకే ఆ స్త్రీ స్వయంగా తల్లి అయిపోతుంది. 1967 నవంబర్‌లో 'జర్నీ టు బేబెల్'లో తల్లి అమాండా, తండ్రి సారెక్ ఇద్దరూ కళ్ల ముందుకొస్తారు. మొదట్లో ఓడ నడిచేది లిథియం స్ఫటికాలతో, తర్వాత డైలిథియంతో. స్పాక్ జాతివాళ్లైన వల్కన్లని ఒకచోట 'వల్కేనియన్లు' అంటారు. ఓడల దళానికి స్టార్‌ఫ్లీట్, గ్రహాల కూటమికి ఫెడరేషన్ అనే పేర్లే మొదటి సీజన్ సగం గడిచాక, 1967 జనవరి, ఫిబ్రవరిల్లో గానీ వినపడవు. మా గుంపులో ఒకాయన వీటన్నిటికీ కథలో కారణాలు చెప్పబోతే, పక్కనున్న కుర్రాడు, "అవి దాచిన రహస్యాలు కావు బాబాయ్, అప్పటికి వాళ్లే ఇంకా తేల్చుకోలేదు" అన్నాడు. ఈ రకానికి పక్కన 'తొలినాటి తేడా' అని రాసి వదిలేయండి. వివరణ అక్కర్లేదు.

రెండో రకం మేకప్, డబ్బు, నటుల అవసరం వల్ల వచ్చేవి. 1991లో నెక్స్ట్ జనరేషన్ సిరీస్‌లో 'ద హోస్ట్' ఎపిసోడ్‌లో ట్రిల్ జాతిని మొదట చూపించారు. నుదుటి మీద ఉబ్బు ఉంటుంది. ఆ జాతి రాయబారి ట్రాన్స్‌పోర్టర్ వాడటానికి ఒప్పుకోడు, కడుపులో ఉన్న సహజీవికి ప్రమాదమని. 1993లో డీప్ స్పేస్ నైన్ సిరీస్‌లో జాడ్జియా డాక్స్ అదే జాతి మనిషి. నుదురు నున్నగా ఉంటుంది, కణతల నుంచి మెడ మీదుగా మచ్చలు దిగుతాయి, ట్రాన్స్‌పోర్టర్ మామూలుగా వాడుతుంది. నుదుటి మేకప్ ఆ పాత్ర వేసిన టెరీ ఫారెల్ ముఖానికి నప్పలేదని మచ్చలకి మార్చారు. ఎడమ పేజీలో రెండూ రాయండి, కింద 'తీసినవాళ్ల కారణం' అని ఒక లైను. ఈ లైను కానన్ కాదు, కానీ ఎడమ పేజీలోనే ఉండాలి. ఎందుకంటే అది ఊహ కాదు, జరిగిన సంగతి.

మూడో రకమే అసలు రుచి. తేడా మొదట మేకప్ వల్లే వచ్చింది, తర్వాత ఎవరో దాన్ని కథలోకి తీసుకున్నారు. క్లింగాన్ల నుదురు అలాంటిది. 1967 మార్చిలో 'ఎరండ్ ఆఫ్ మెర్సీ'లో మొదటిసారి వచ్చిన క్లింగాన్లు మామూలు మనుషుల్లాగే ఉంటారు. ముఖానికి నల్లరంగు, గుబురు కనుబొమలు, అంతే. 1979లో మొదటి సినిమా వచ్చేసరికి డబ్బుంది, వాళ్ల నుదుటి మీద ఎముక గట్లు లేచాయి. ఎవరూ ఏమీ అనలేదు. 1994లో డీప్ స్పేస్ నైన్ పాత సిరీస్ నుంచి ముగ్గురు క్లింగాన్లని, కోర్, కోలోత్, కాంగ్‌లని, అదే నటులతో వెనక్కి తెచ్చింది. ఇప్పుడు వాళ్లకీ గట్లున్నాయి. అంటే ముఖాలు ఎప్పుడూ అలాగే ఉన్నాయి, మనకే సరిగ్గా కనపడలేదు అనుకోవచ్చు. కానీ 1996లో అదే సిరీస్ 'ట్రయల్స్ అండ్ ట్రిబుల్-ఏషన్స్'లో తన మనుషుల్ని పాత ఎపిసోడ్ ఫుటేజీలోకే పంపింది. అక్కడ నున్నటి నుదుళ్లు చూసి వాళ్లు తమతో ఉన్న క్లింగాన్ వోర్ఫ్‌ని అడుగుతారు. "బయటివాళ్లతో ఆ సంగతి మేం మాట్లాడం" అంటాడు వోర్ఫ్. ఆ ఒక్క మాటతో తేడా నిజమేనని తెర మీద ఒప్పుకున్నట్టయింది, కారణం మాత్రం చెప్పలేదు. 2005 ఫిబ్రవరిలో ఎంటర్‌ప్రైజ్ రెండు ఎపిసోడ్లలో, 'అఫ్లిక్షన్', 'డైవర్జెన్స్'లలో, కారణం చెప్పింది. క్లింగాన్లు మనుషుల జన్యువులతో మెరుగైన సైనికుల్ని తయారుచేయబోతే అది ఒక వైరస్‌గా మారి నుదుళ్లు మార్చేసింది.

1967కీ 1979కీ మధ్య ఉన్న ఖాళీని 2005లో పూడ్చారు. రెండు వైపులా కథ అప్పటికే రాసి ఉంది, ఏదీ మార్చే వీల్లేదు. మన భారతంలో ఎర్రన చేసింది ఇదే పని. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆపేశాడు. గుంటూరివిభుడు కొమ్మన కొడుకు తిక్కన ఆ మిగిలింది ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి అందుకున్నాడు. ఆ తర్వాతి శతాబ్దంలో ఎర్రన వచ్చి, అటు నన్నయకీ ఇటు తిక్కనకీ అతుకు కనపడకుండా మధ్య భాగం రాశాడు. మొదట నన్నయ పోకడతో ఎత్తుకుని, పోనుపోను తిక్కన పోకడకి దగ్గరయ్యాడని చదివినవాళ్లు చెబుతారు. దాన్ని రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. క్లింగాన్ల నుదురు దగ్గర ఆ 2005 ఎపిసోడ్లు నాకు అంత గౌరవంగా కనపడతాయి. అవి పాతదాన్ని చెరపలేదు, కొత్తదాన్నీ తగ్గించలేదు. ఇలాంటివి దొరికినప్పుడు పుస్తకంలో ఒక పేజీ మొత్తం ఇవ్వండి: ఏ సంవత్సరం ఏం చూపించారు, ఏ సంవత్సరం ఒప్పుకున్నారు, ఏ సంవత్సరం వివరించారు.

సంవత్సరాలు తేల్చడం

ఇది నిదానంగా చేయాల్సిన లెక్క. పాత సిరీస్ ఏ శతాబ్దంలో జరుగుతోందో మొదట్లో రాసేవాళ్లే నిర్ణయించుకోలేదు. స్టార్‌డేట్ అని ఒక అంకె చెప్పేవారు, అది అన్ని చోట్లా వరుసగా నడవదు. 'స్పేస్ సీడ్'లో 1990ల నుంచి రెండు వందల ఏళ్లు గడిచాయన్నట్టు మాట్లాడతారు. 'ద స్క్వయర్ ఆఫ్ గోథోస్'లో తొమ్మిది వందల ఏళ్ల దూరం ప్రస్తావన వస్తుంది, అందులో నెపోలియన్ కాలపు వేషాలున్నాయి, ఆ లెక్కన ఇరవై ఎనిమిదో శతాబ్దం దగ్గరికి వెళ్తాం.

మీరు చేయాల్సింది ఇది. ఒక పేజీలో అడ్డంగా గీత గీయండి. నేరుగా అంకెతో చెప్పిన సంవత్సరాలు మాత్రమే ఆ గీత మీద పెన్నుతో పెట్టండి. 'రెండు వందల ఏళ్ల కిందట' లాంటి గుండ్రటి మాటలన్నీ పెన్సిల్‌తో గీత కింద. పెన్నుతో పెట్టేవి మొదట్లో చాలా తక్కువ. 1982 సినిమా మొదట్లో 'ఇరవై మూడో శతాబ్దం' అని అక్షరాలు పడతాయి. 1988లో నెక్స్ట్ జనరేషన్ 'ద న్యూట్రల్ జోన్'లో డేటా అనే యంత్ర మనిషి ఆ సంవత్సరం 2364 అని సూటిగా చెబుతాడు. అదే మొదటి గట్టి మేకు. ఆ సిరీస్‌లో కళ విభాగంలో పనిచేసిన మైఖేల్ ఒకుడా, భార్య డెనిస్ ఒకుడాతో కలిసి 1993లో కాలక్రమం పుస్తకం వేసినప్పుడు, పాత సిరీస్ ప్రసారమైన ఏటికి సరిగ్గా మూడు వందలు కలిపారు. 1966కి 2266. అది వాళ్ల అంచనా, తెర మీది మాట కాదు. 2001లో వాయేజర్ 'క్యూ టూ' ఎపిసోడ్‌లో కిర్క్ ఐదేళ్ల యాత్ర 2270లో ముగిసిందని ఐచెబ్ అనే పాత్ర అన్నాక అంచనాకి తెర బలం వచ్చింది. మీ పుస్తకంలో 2270 పెన్నుతో, 2266 పెన్సిల్‌తో ఉండాలి. మూడు వందలు కలపడం సులువే, పని చేస్తుంది కూడా. అయినా పెన్సిలే.

ఖాన్‌తో అభ్యాసం

పద్ధతి చేతికి అలవాటు కావాలంటే జన్యువులు మెరుగుపరిచి పుట్టించిన నియంత ఖాన్ నూనియన్ సింగ్ మీద ఒకసారి చేసి చూడండి. మనకి ఇది దగ్గరి సంగతి కూడా. 1967 ఫిబ్రవరి 16న 'స్పేస్ సీడ్'లో వచ్చాడు. ఉత్తర భారతం వాడనీ, బహుశా సిక్కు అనీ ఓడలోని చరిత్రకారిణి అంటుంది. వేసినవాడు మెక్సికోకి చెందిన రికార్డో మోంటల్‌బాన్. ఎడమ పేజీలో 'బహుశా' అనే మాట వదలకుండా రాయండి, అది ఆమె అంచనా. అదే ఎపిసోడ్‌లో ఖాన్ 1992 నుంచి 1996 వరకు ఆసియా నుంచి మధ్య ప్రాచ్యం దాకా, ప్రపంచంలో నాలుగో వంతుకి పైగా ఏలాడని చెబుతారు. మన లోకంలో ఆ నాలుగేళ్లూ ఢిల్లీలో ప్రధానిగా ఉన్నది పి.వి. నరసింహారావు. 1967లో రాసినవాళ్లకి 1992 దూరంగా ఉన్న భవిష్యత్తు. ప్రసారం ఆగకుండా సాగేసరికి ఆ భవిష్యత్తు గతమైపోయింది.

1996లో వాయేజర్ 'ఫ్యూచర్స్ ఎండ్' ఎపిసోడ్లలో మనుషులు 1996 నాటి లాస్ ఏంజిల్స్‌కి వెళ్తారు. అక్కడ ఖాన్ నాటి యుద్ధం ఆనవాళ్లేమీ ఉండవు. ఎవరూ మాట్లాడరు. 2023లో స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్ దాన్ని నేరుగా పట్టుకుంది. కాలంలో వెనక్కి వచ్చిన రోములన్ జాతి గూఢచారి, ఖాన్ కథంతా 1992లోనే జరగాల్సిందని, కాలంలో జోక్యాల వల్ల ఆలస్యమైందని చెబుతుంది. ఖాన్ ఇంకా చిన్నపిల్లాడిగా టొరంటోలో ఉంటాడు. ఇప్పుడు మీ గీత మీద 1992 దగ్గర కొట్టేయాలా? వద్దు. దాని పక్కన '1967లో చెప్పింది' అని, కొత్త చోట '2023లో చెప్పింది' అని రెండూ ఉంచండి. కాలం మారినా పాత మాట అన్నది అన్నదే.

ఇదే ఖాన్‌తో, కిర్క్ ఓడలో పనిచేసే చెకోవ్ సంగతి కూడా చూడాలి. 1982 సినిమాలో ఖాన్ చెకోవ్‌ని చూడగానే గుర్తుపడతాడు. కానీ 'స్పేస్ సీడ్' మొదటి సీజన్‌లోది, చెకోవ్ పాత్ర రెండో సీజన్‌లో గానీ రాలేదు. అభిమానులు ఎప్పుడూ చెప్పుకునే తప్పు ఇది. ఇక్కడ ఎపిసోడ్లలో చెప్పిన స్టార్‌డేట్ పనికొస్తుంది. చెకోవ్ ఉన్న 'క్యాట్స్‌పా' స్టార్‌డేట్ 3018.2. 'స్పేస్ సీడ్' స్టార్‌డేట్ 3141.9. కథలోని లెక్క ప్రకారం ఖాన్ వచ్చేనాటికి చెకోవ్ ఓడలోనే ఉన్నాడు, మనకి కెమెరా చూపించలేదంతే. స్టార్‌డేట్లు నమ్మకమైనవి కావని ఇందాకే అన్నాను కాబట్టి ఇది రుజువు కాదు. కానీ తెర మీది అంకెతో నిలబడే వివరణ, అందుకే కుడి పేజీలో దీనికి నేను మొదటి స్థానం ఇస్తాను.

వివరణని ఎలా తూచాలి

కుడి పేజీలో ఒకే తేడాకి నాలుగు వివరణలు చేరతాయి. తూచడానికి నేను చూసేవి ఇవి. అది తెర మీద ఉన్న ఏదైనా మాటని ఆసరా చేసుకుంటోందా? ఒక తేడాని సర్దడానికి రెండు కొత్త తేడాలు పుట్టిస్తోందా? పాత్ర స్వభావం మారిపోతోందా? మూడోది చాలా మంది మర్చిపోతారు. డేటా ఇంగ్లిష్ మాటల్ని కుదించి పలకలేడని 1988 జనవరిలో 'డేటాలోర్' చెప్పింది. అంతకుముందు ఎపిసోడ్లలో పలికాడు, ఆ ఎపిసోడ్ చివర్లో కూడా ఒకసారి పలికాడు. చివర్లో ఉన్నది డేటా కాదు, దుష్టుడైన అన్న లోర్ అని ఒక వివరణ తిరుగుతుంటుంది. అది ఒక్క పదాన్ని సర్దుతుంది, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ పాత్ర చేసిన మంచినంతా పాడు చేస్తుంది. అలాంటిదానికంటే 'నటుడి నోట జారింది' అనడమే నయం.

2009 సినిమా దారి వేరు. ఒక ఓడ 2233లోకి వచ్చి పడటంతో కాలం రెండు పాయలైంది. ఒక పాయలో వల్కన్ గ్రహమే నాశనమైంది, ఇంకో పాయలో పాత కథలన్నీ అలాగే ఉన్నాయి. దీనికి పుస్తకంలో వేరే రంగు పెన్ను పెట్టుకోండి. రెండు పాయల సంగతుల్ని ఒకే గీత మీద వేస్తే ఏదీ తేలదు.

పదిమంది కూర్చున్నప్పుడు

ఒకరు చదువుతారు, ఒకరు రాస్తారు, రాసేవాళ్లు ఆ వారం వాదించకూడదు. వాదనకి దిగే ముందు ఎడమ పేజీ పైకి చదవాలి. సగం వాదనలు అక్కడే ముగుస్తాయి, ఎవరో ఒకరు జ్ఞాపకం మీద మాట్లాడుతున్నారని తేలుతుంది. పిల్లలు పెద్దవాళ్లని సరిదిద్దేటప్పుడు ఎపిసోడ్, నిమిషం చూపిస్తే చాలు, పెద్దవాళ్లు నొచ్చుకోరు. "నాకు గుర్తుంది" అనే మాటకి పుస్తకంలో చోటు లేదని మొదటి రోజే అందరికీ చెప్పండి. కొత్తగా వచ్చినవాళ్లున్న రోజు వాళ్లు చూడని సిరీస్ పేజీలు తెరవకండి, కథ ముందే తెలిసిపోతే వాళ్లకి చూసే ఆనందం పోతుంది.

వివరణ మీద ఓటింగ్ పెట్టకండి. రెండూ నిలబడితే రెండూ ఉంచండి, ఎవరి వివరణ ఎవరిదో పొడి అక్షరాలతో రాయండి. మే నెలలో కరెంటు పోయి టీవీ ఆగినప్పుడు మేం చేసేది ఈ పనే, పాత కుడి పేజీలు తీసి మళ్లీ తూచడం.

కొత్త సిరీస్ వచ్చినప్పుడు

కొత్త ఎపిసోడ్ పాతదాన్ని మార్చిందనిపిస్తే ఆ రోజే పుస్తకంలో ఎక్కించకండి, సీజన్ అయ్యేదాకా ఆగండి. 2017లో డిస్కవరీ మొదలైనప్పుడు క్లింగాన్లకి జుట్టు లేదు. పెద్ద గొడవైంది. రెండో సీజన్‌లో జుట్టు వచ్చింది, కారణమూ తెర మీదే చెప్పారు. స్పాక్‌కి మైకేల్ బర్నమ్ అనే పెంపుడు అక్క ఉందని అదే సిరీస్ చెప్పినప్పుడు, యాభై ఏళ్లుగా ఆ మాట ఎందుకు ఎత్తలేదని అందరూ అడిగారు. 2019లో రెండో సీజన్ చివర్లో ఆ ఓడ గురించి, ఆమె గురించి ఎవరూ మాట్లాడకూడదని స్టార్‌ఫ్లీట్ ముద్ర వేసింది. నాకు అది బలవంతపు అతుకులాగే అనిపిస్తుంది, స్పాక్ తన సవతి అన్న సైబాక్ సంగతి 1989 సినిమా దాకా దాచాడన్నదే దానికంటే మంచి సాక్ష్యం. ఇంట్లో సంగతులు బయటపెట్టని మనిషి అతను. కానీ ముద్ర వేసిన సంగతి ఎడమ పేజీది, నా అభిప్రాయం కుడి పేజీది.

పుస్తకం నిండిపోతే రెండోది మొదలుపెట్టేటప్పుడు నియమం పేజీని మళ్లీ చేత్తో రాయండి, పక్కన తేదీ వేయండి. పెన్సిల్‌తో ఉన్నవాటిలో ఈలోగా తెర మీద తేలినవి చూసి, వాటిని కొత్త పుస్తకం ఎడమ పేజీల్లోకి పెన్నుతో ఎక్కించండి. మిగతావి పెన్సిల్‌తోనే కుడి పేజీల్లోకి దించుకోండి.